పక్కకొమ్మల మడి

పెద్దక్క బల్ల దగ్గర ఎవరికీ చుట్టరికం లేదు. నర్సరీలో కొత్తగా చేరినవాళ్ళకి మొదట చెప్పే మాట అదే. అడవిలో కోసుకొచ్చిన కొమ్మల కట్ట ఎవరు తెచ్చినా సరే, ముందు ఆ బల్ల మీదికి రావాలి. ఆవిడ కట్ట విప్పి ఒక్కొక్క చిగురునీ వేళ్ళ మధ్య తిప్పి చూస్తుంది. ఆకులు చుట్టూరా నాలుగు దిక్కులకీ లేచి ఉంటే అది నిటారు కొమ్మ, కుడివైపు ట్రేలోకి. దువ్వెన పళ్ళలా రెండు వైపులకే పరుచుకుని ఉంటే అది పక్కకొమ్మ, కాళ్ళ దగ్గరి బుట్టలోకి. అంతే తీర్పు. పైన ఇంకో కోర్టు లేదు.

ఎందుకంటే పక్కకొమ్మని పాతినా వేరు పడుతుంది, చిగురు వేస్తుంది, చూడటానికి పచ్చగానే ఉంటుంది. చెట్టు మాత్రం అవదు. కొమ్మగా పుట్టింది కొమ్మగానే బతుకుతుంది, ఎంత సాకినా నేలబారున పక్కకే పోతుంది. మనుషుల్లోనూ అలాంటివాళ్ళు కొల్లలు. వాళ్ళని ఏరి బుట్టలో పడేసే బల్ల మాత్రం ఎక్కడా లేదు.

బల్లకి అవతలివైపు పిన్ని కూర్చుంటుంది. ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు, అందరూ అలాగే పిలుస్తారు. పెద్దక్క కుడివైపు వేసిన చిగుళ్ళ మొదళ్ళని వేరుమందు పొడిలో ముంచి, గిన్నె అంచుకి తట్టి పక్కకి అందించడం ఆవిడ పని. ఆవిడ కొడుకు కూడా కొన్నాళ్ళు ఇక్కడే కొమ్మలు కోసేవాడు. వరసగా వాడి కట్టలన్నీ బుట్టలోకే పోతుంటే, ఒకరోజు కత్తెర బల్ల మీద పెట్టి, "మీకు మొక్కలు కాదండీ, దేవుళ్ళు కావాలి" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ మర్నాడు పిన్ని వచ్చి ఎప్పటిలా తన స్టూలు మీద కూర్చుంది. అందరికీ ఒకటే కొలత అయినప్పుడు కోపం ఎవరి మీద పెట్టుకోవాలి?

ఇక పెద్దక్కకి సొంత తమ్ముడు ఉడత. యాభై దగ్గర పడుతున్నా పేరు మాత్రం ముదరలేదు. చిన్నప్పుడు బడి మానేసి గోడలూ దూలాలూ పట్టుకు తిరుగుతుంటే, అక్కే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చెట్ల పనిలో పెట్టించింది. ఎక్కాలు రానివాడికి ఎక్కడం వచ్చిందని షెడ్డులో ఆడవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఏ మాను చూసినా నడుముకి బెల్టు, భుజానికి సంచి, పళ్ళ మధ్య కత్తెర పెట్టుకుని పైకి పోవడమే. కింద తాడు పట్టుకునేది అతని భార్య తమ్ముడు. ఆ బావమరిది ఎప్పుడైనా "ఒక్కసారి నన్ను ఎక్కనియ్యి బావా" అంటే, "నీ బరువుకి కొమ్మ కాదురా, చెట్టే వంగుతుంది" అనేవాడు ఉడత. అందరూ నవ్వేవాళ్ళు. బావమరిదీ నవ్వేవాడు, ఏం చేస్తాడు మరి.

నర్సరీ వెనక మిట్ట మీద ఒంటిమాను ఒకటుంది. చుట్టుపక్కల ఏ అడవిలోనూ అంత తిన్నటి చెట్టు లేదు. గీత గీసినట్టు పోయి పోయి, ఎక్కడో ఆకాశంలో గొడుగు విప్పుతుంది. దాని గింజలు మొలవవు. మొదలు దగ్గర పిలకలు పెట్టే జాతీ కాదు. పిల్ల కావాలంటే తొలకరి పడ్డాక కొస మీద లేచే నిటారు చిగుళ్ళు కోసుకురావాలి, అవీ కొద్దిరోజులే లేతగా ఉంటాయి. ఆ ఒక్క చెట్టు పిల్లలతో ఒక మడి నింపాలని ఆఫీసరమ్మ పట్టుదల. కుర్చీలో కూర్చుని పెత్తనం చేసే రకం కాదావిడ, మోకాళ్ళకి మట్టి అంటించుకునే రకమే. ఉడత ఉన్నాడు కదా, పెద్దక్క ఉంది కదా అంది.

ఉడత ఉన్నాడు గానీ, అప్పటికే అతనిలో ఏదో చెడింది.

ఎక్కడి నుంచీ పడలేదు. ఇంకెవరైనా పడగా చూడనూ లేదు. ఎత్తంటే పుట్టిన ఆ భయానికి కారణమంటూ ఉంటే చెప్పుకోవడానికైనా బాగుండేది. ఇంట్లో బల్బు మార్చడానికి స్టూలెక్కినప్పుడు ఒకసారి గోడ పట్టుకున్నాడు. "ఏంటి, ఉడతకి గోడ కావాల్సి వచ్చిందే" అని భార్య నవ్వితే, స్టూలు కాలు కుంటిదన్నాడు. తర్వాత చిన్న చిన్న చెట్ల మీద కూడా అరచేతులు చెమటలు పట్టడం మొదలైంది. ఎవరికి చెప్పాలి? వంటవాడు పొయ్యి చూసి భయపడితే, ఈతగాడు నీళ్ళు చూసి వణికితే లోకం ఏమంటుందో అతనికి తెలుసు. తనే అనేవాడు అలాంటివాళ్ళని.

ఒంటిమాను ఎక్కిన రోజు గాలి కూడా లేదు. పక్కకొమ్మలు మొదలయ్యే చోటుదాకా బాగానే పోయాడు. అక్కడ కాలు మార్చుకోబోతే చెయ్యి వదల్లేదు. అది తన చెయ్యే, వదలమని చెబుతున్నాడు, వినలేదు. మానుని కావలించుకుని చెంప ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కింద బావమరిది ఏదో పాట ఈలవేస్తున్నాడు. ఆ ఈల ఆగి మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. పైన గొడుగు ఇంకా అంత దూరంలోనే ఉంది. పక్కన చేతికందేంత దగ్గర్లో పక్కకొమ్మలు గుత్తులు గుత్తులుగా చిగురు వేసి ఉన్నాయి. పచ్చగానే ఉన్నాయి.

చెంప మాను మీదినుంచి తియ్యకుండానే ఒంటిచేత్తో కోశాడు. సంచి నిండింది.

దిగాక బావమరిది తాడు చుట్టచుడుతూ ఆగాడు. పైకి పోయినవాడు ఎంత ఎత్తు పోయాడో కిందవాడికి తాడే చెబుతుంది. కొసదాకా పోతే చేతిలో మూర కూడా మిగలకూడదు. ఇప్పుడు నేల మీద పెద్ద చుట్ట అలాగే ఉంది.

"బావా, తాడు సగం మిగిలిపోయిందేంటి?"

"తాడు సాగిందిలే."

"సాగేది నోరు బావా, తాడు కాదు" అని నవ్వుతూ తలెత్తి, ఉడత మొహం చూసి, ఆ నవ్వు అక్కడే మింగేశాడు. తర్వాత తాడు భుజాన వేసుకుని ముందు నడిచాడు. ఎప్పుడూ వెనక నడిచేవాడు.

బల్ల దగ్గర ఉడత సంచి బోర్లించి నిలబడ్డాడు. మామూలుగా అయితే పెట్టేసి టీ తాగడానికి పోతాడు. ఈసారి కాళ్ళు కదల్లేదు. పెద్దక్క మొదటి చిగురు తీసి వేళ్ళ మధ్య తిప్పింది. ఆగింది. తలెత్తి తమ్ముణ్ణి చూసింది. అతని ఎడమ చెంప మీద మాను బెరడు గరుకంతా అచ్చుపడి ఉంది, ఒకచోట సన్నగా రక్తం. రెండు ముంజేతుల లోపలివైపు చర్మం గీసుకుపోయి ఉంది. ఏ పట్టు పడితే మనిషికి అలా గీసుకుపోతుందో ఆవిడకి చెప్పక్కర్లేదు. మళ్ళీ చిగురు వైపు చూసింది. కుడివైపు ట్రేలో వేసింది.

రెండోదీ కుడివైపే. ఆ తర్వాతదీ అంతే. చెయ్యి ఎప్పటి వేగంతోనే పోతోంది, కాళ్ళ దగ్గర బుట్ట మాత్రం ఖాళీగా ఉంది. పిన్ని పొడిలో ముంచుతూ ముంచుతూ మెచ్చుకోలుగా తల ఊపింది. ఉడత కట్టంటే ఇలా ఉండాలి, ఒక్కటంటే ఒక్కటి బుట్టలో పడలేదు, మావాడు ఉండి చూడాల్సింది అంది. ఉడత బయటికి పోయి పంపు కింద చేతులు కడుక్కున్నాడు. మకిలి పోయాక కూడా చాలాసేపు కడిగాడు.

అక్క ఎందుకు ఊరుకుందో అతను అడగలేదు. చూడలేదేమో అనుకున్నాడు. చూడకుండా ఉండే మనిషి కాదని తెలిసీ అనుకున్నాడు. తనకి పనికొచ్చే అబద్ధాన్ని నమ్మడానికి మనిషికి చదువు అక్కర్లేదు.

చిగుళ్ళని కణుపు కింద ఏటవాలుగా కోసి, ఆకులు సగానికి కత్తిరించి, తడి ఇసుక ట్రేల్లో గుచ్చి, తుంపర గదిలో పెట్టారు. ఆ గదిలో పైపుల నుంచి ఉండుండి సన్నటి తుంపర పడుతుంది. లోపలికెళ్ళినవాడి కనురెప్పల మీద కూడా నీటి బొట్లు నిలుస్తాయి. ముదురు చెట్టు కొమ్మ వేరు పట్టడం సామాన్యం కాదు, సగం కుళ్ళిపోతాయి. పెద్దక్క ఆ ట్రేలని పసిపిల్లల్లా చూసింది. మచ్చపడ్డ ఆకు కనిపిస్తే చాలు, గిల్లి తీసేసేది. తుంపర ఎక్కువైతే తగ్గించేది, ఎండ ముదిరితే నీడవల జరిపేది. దాదాపు అన్నీ పట్టాయి. ఒక ట్రే ఎత్తి చూస్తే అడుగున తెల్లటి వేళ్ళు గడ్డంలా వేలాడుతున్నాయి.

ఆఫీసరమ్మ అందరినీ షెడ్డు ముందుకి పిలిచి, ఈ నర్సరీ పరువు ఈసారి అక్కాతమ్ముళ్ళిద్దరూ నిలబెట్టారని చెప్పింది. చప్పట్లు కొట్టారు. ఉడత తల దించుకుని కాలి బొటనవేలు చూసుకున్నాడు. ఎంత అణకువో చూడండి అన్నారెవరో. సిగ్గు, అణకువ బయటికి ఒకేలా కనబడతాయి. లోకంలో చాలామంది పరువు దాని మీదే నడుస్తోంది.

మొక్కల్ని కవర్లలోకి మార్చి, తర్వాత షెడ్డు కిటికీ ఎదురుగా ఉన్న మడిలో నాటారు. కొన్నాళ్ళు బాగానే ఉన్నాయి. తర్వాత ఒకటి తల పక్కకి వాల్చింది. దాని పక్కది ఇంకోవైపు వాలింది. గాలి అన్నారు, ఎండ ఒకవైపే పడుతోందన్నారు. కొత్తగా వచ్చిన మొక్కలు అచ్చం ఆఫీసు గుమస్తాల్లా ఉన్నాయి, కూర్చోబెట్టగానే వాలిపోతున్నాయి అన్నాడు బావమరిది. అందరూ నవ్వాక తను నవ్వకుండా ఉడత వైపు ఒక్కసారి చూసి వెళ్ళిపోయాడు.

ఉడత పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి ఒక్కో మొక్కకీ పుల్ల పాతి గుడ్డపేలికతో కట్టేవాడు. కట్టిన చోటుదాకా నిటారుగా ఉండేది. కట్టు దాటాక కొస మళ్ళీ పక్కకే పోయేది. ఇంకా పైన ఇంకో కట్టు కట్టేవాడు. మడి మొత్తం కట్లు కట్టిన ఆసుపత్రి వార్డులా తయారైంది. ఆకులు రెండు వైపులకీ పరుచుకుని, ప్రతి మొక్కా ఒక చిన్న కొమ్మలా నేలబారున ఒళ్ళు చాపుకుని పడుకుంది. మిట్ట మీద ఆ చెట్టు తిన్నగా నిలబడి ఉంది. మడిలో దాని పిల్లలు పాకుతున్నాయి. దారిన పోయే ప్రతివాడూ కాసేపు నిలబడి ఈ రెండూ మార్చి మార్చి చూసి పోతున్నాడు.

మళ్ళీ తొలకరి పడి, చిగుళ్ళు కోసే రోజులు దగ్గరపడ్డాక ఆఫీసరమ్మ ఒక ఉదయం మడిలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక మొక్క కట్లన్నీ విప్పింది. అది మెల్లగా తన దారికి తను వాలిపోయింది. ఇంకోటి విప్పింది.

"ఇవి పక్కకొమ్మలు" అంది. "అన్నీ పక్కకొమ్మలే."

కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది ఉడతకి.

అందరి కళ్ళూ అతని మీదికి తిరిగాయి, వెంటనే అతన్ని దాటిపోయాయి. ఆ పనిలో పద్ధతి అలాంటిది. చెట్టు మీద ఉన్నవాడు తాడుకి వేలాడుతూ చేతికందింది కోస్తాడు, ఆకులు లెక్కపెట్టే తీరిక అక్కడ ఉండదు. అందుకే కదా కింద బల్ల ఉంది. తప్పు ఎప్పుడూ కోసినవాడిది కాదు, కుడివైపు వేసినవాళ్ళది. చూపులన్నీ పెద్దక్క దగ్గరికి పోయి ఆగాయి.

ఉడత నోరు తెరిచాడు. అతనికంటే ముందు ఆవిడ మాట్లాడింది.

"నా కళ్ళేనమ్మా. కొన్నాళ్ళుగా ఆనడం లేదు. చెబితే బల్ల మీదినుంచి లేపేస్తారని చెప్పలేదు."

తెరిచిన నోరు ఉడత మూసుకున్నాడు. ఆ మూసుకోవడంలో ఎంత సుఖం ఉందో, ఆ సుఖం తెలిసిన మరుక్షణం ఒళ్ళంతా ఎంత రోత పుట్టిందో చెప్పడానికి మాటలు లేవు.

పిన్ని "అయ్యో, చెప్పాల్సింది కదమ్మా" అని పెద్దక్క భుజం మీద చెయ్యి వేసింది. ఆఫీసరమ్మ మోకాళ్ళ మట్టి దులుపుకుని లేచింది. మాట మీద తేల్చడం తనకిష్టం లేదని, రేపు పొద్దున మన కంచె వెంట పెరిగే మొక్కల చిగుళ్ళే రెండు రకాలూ కలిపి బల్ల మీద పోయిస్తానని, తన ముందే వేరు చెయ్యమని చెప్పింది. నిజంగా ఆనకపోతే డాక్టరుకి చూపించి, ఎండ తగలని పనేదైనా ఇద్దామంది. ఎంతో మర్యాదగా చెప్పింది. కానీ బల్ల లేని పెద్దక్క అంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు.

సాయంత్రం ఉడత అక్క గదికి పోయాడు. ఒక మంచం, ఒక పొయ్యి, కిటికీ పక్కన చెక్కపెట్టె. ఆవిడ చాట ముందేసుకుని గింజల్లో రాళ్ళు ఏరుతోంది. గదిలో వెలుతురు తగ్గిపోయింది, దీపం ఇంకా వెయ్యలేదు. గింజ రంగులోనే ఉన్న రాళ్ళని ఆ వేళ్ళు తడుముకోకుండా తీసి పక్కన పెడుతున్నాయి.

గుమ్మంలోనే నిలబడి, "నీ కళ్ళకేమైందక్కా?" అన్నాడు.

"ఏం కాలేదు. కూర్చో."

కూర్చోలేదు. ఆవిడ చాట పక్కకి జరిపింది.

"నీ మొదటి చిగురు పట్టుకున్నప్పుడే తెలిసిందిరా. దానికి కళ్ళెందుకు, వేళ్ళు చాలు."

"మరి బుట్టలో ఎందుకు వెయ్యలేదు?"

"నీ మొహం చూశాను" అంది. "మొత్తం కట్ట బుట్టలో పడితే ఎందుకని అడుగుతారు. అందరిముందూ నువ్వు చెప్పాలి. ఆ మొహంతో నువ్వెలా చెబుతావు?" అంది.

రేపు తను చెప్పేస్తానన్నాడు. ఎంత ఎత్తు పోయాడో, ఎక్కడ ఆగిపోయాడో అంతా చెప్పేస్తానన్నాడు. పెద్దక్క విని విని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది. నీకు భయమేసిందని చెబుతావు, సరే. తెలిసే కట్ట కట్టంతా పక్కకొమ్మలు కోశావని తేలుతుంది. నిండు సంచిలో ఒక్కటి కూడా కనిపెట్టలేనంత గుడ్డిదాన్ని తుంపర గదిలో ఆకు మచ్చలెలా ఏరానని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు నాకు తెలిసే వేశానని ఒప్పుకోవాలి.

"పిన్ని కొడుకు కట్టలు ఎన్ని విసిరేశానో నీకు తెలుసు. వాడు పని వదిలి పోయాడు. ఆవిడ రోజూ నా ఎదురుగా కూర్చుంటుంది. గుడ్డిదాన్నంటే జాలిపడుతుంది. తమ్ముడిది కాబట్టి వేసుకుందని తెలిస్తే, ఆవిడ మొహంలోకి నేనెలా చూడాలిరా? గుడ్డిదాన్నే అవనియ్యి నన్ను. నువ్వు నోరు మూసుకో. అదొక్కటీ నీకు బాగానే వచ్చుగా."

ఆ చివరి మాట అన్నాక ఆవిడ కూడా కొంచెం నొచ్చుకున్నట్టుంది. చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. ఉడత గుమ్మంలోంచి అలాగే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు షెడ్డు నిండిపోయింది. మడుల్లో పనిచేసేవాళ్ళు కూడా కిటికీ దగ్గర మూగారు. బల్ల మీద చిగుళ్ళ కుప్ప పోశారు. ఆఫీసరమ్మ తలుపు పక్కన నిలబడింది, చేతులు కట్టుకుని, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదన్నట్టుగా. పిన్ని తన స్టూలు మీద కూర్చుంది గానీ పొడి గిన్నె మూత తియ్యలేదు.

పెద్దక్క మొదటి చిగురు తీసింది. తిప్పింది. కుడివైపు వేసింది. అది మంచిదే. రెండోది బుట్టలో, అదీ సరైందే. మూడోది పక్కకొమ్మ. కిటికీ అవతల నుంచి చూసేవాళ్ళకి కూడా తెలిసిపోతోంది, పలకలా అంత చదునుగా ఉంది. ఆవిడ దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది, ఎప్పుడూ అలా తెచ్చుకోదు. కుడివైపు వేసింది.

షెడ్డులో ఎవరో నిట్టూర్చారు. తర్వాతది నిక్కమైన నిటారు చిగురు, దాన్ని బుట్టలో వేసింది. ఆ వెయ్యడం ఉడత చూశాడు. ఇన్నేళ్ళలో ఆవిడ చెయ్యి ఒక మంచి చిగురుని బుట్టలో వెయ్యడం అతనెప్పుడూ చూడలేదు. చెయ్యి బుట్టదాకా పోయి, వేళ్ళు వెంటనే విడవలేదు. విడిపించి పడేసినట్టు పడేసింది. తప్పు చెయ్యడం ఆ చేతికి రాదు. రాని పనిని అందరి ముందూ కష్టపడి చేస్తోంది, బడికెళ్ళిన మొదటిరోజు పిల్లలా. పిన్ని చూడలేక తల పక్కకి తిప్పుకుంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు.

పెద్దక్క ఇంకోటి తప్పు వేసింది. ఇంకోటి.

"చాలక్కా" అన్నాడు ఉడత.

ఆవిడ తలెత్తలేదు. "పని చెయ్యనీరా."

"అక్క కళ్ళు బాగానే ఉన్నాయి మేడమ్. నేను ఒంటిమాను సగమే ఎక్కాను. భయమేసింది. పట్టుకున్న చెయ్యి వదల్లేకపోయాను. చేతికందినవి కోశాను. అవి పక్కకొమ్మలని కోసినప్పుడే నాకు తెలుసు. అక్కకీ తెలుసు. నా కోసం ఊరుకుంది."

ఇన్ని మాటలు అతను ఒకేసారి ఎన్నడూ మాట్లాడలేదు. గొంతు ఎవరిదోలా వచ్చింది. వెనక వరసలో ఒకామె నవ్వింది. ఎగతాళికి కాదు, ఏం చెయ్యాలో తోచక, కానీ నవ్వు నవ్వే. బావమరిది నేల చూస్తూ, తాడు సగమే పోయిందని, ఆరోజే తనకి తెలుసని అన్నాడు. బావకి తోడొచ్చాడో, తన తప్పు దించుకున్నాడో అతనికే తెలియాలి.

ఆఫీసరమ్మ ఉడత వైపు తిరిగి, "ఇప్పుడు ఎక్కగలవా?" అని అడిగింది.

"ఎక్కలేను మేడమ్."

ఆ రెండు మాటలు రాకూడదనే కదా ఏడాది పొడుగునా పుల్లలు పాతి కట్లు కట్టాడు. వచ్చాక చూస్తే అవి రెండు మాటలే.

తను ఎక్కుతానన్నాడు బావమరిది. ఈసారి బరువు గురించి ఎవరూ జోకెయ్యలేదు. ఉడత గోడ మేకుకున్న బెల్టు తీసి అతని చేతికిచ్చాడు. తీసుకునేటప్పుడు బావమరిది అతని మొహంలోకి చూడలేదు, అదొక్కటే దయ.

పెద్దక్క ఈ మాటలేవీ వినబడనట్టు రెండు వైపులా ఉన్న చిగుళ్ళని మళ్ళీ ఒకచోట కుప్ప చేసింది. బుట్ట బల్ల మీద బోర్లించి కలిపింది. అప్పుడు మొదలుపెట్టింది. కళ్ళ దగ్గరికి తెచ్చుకోవడాలు లేవు, ఆగడాలు లేవు. కుడి, బుట్ట, బుట్ట, కుడి. ఆకు ఆకుకి తగిలే చప్పుడు తప్ప షెడ్డులో ఇంకేం లేదు. కుప్ప అయిపోయింది. ఒక్కటీ తప్పు పోలేదు.

ఆఫీసరమ్మ మెల్లగా, జరిగిందేదో జరిగింది, కళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి మీరే కూర్చోండి పెద్దక్కా, అంది. ఆ మాట ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. కానీ పెద్దక్క చూసింది పిన్ని వైపు.

పిన్ని కళ్ళు తుడుచుకుని ఉంది. ఇందాకటి జాలి ఆ మొహంలో ఎక్కడా లేదు. పొడి గిన్నెని బల్ల మధ్యకి, కొంచెం అవతలికే, వేలితో జరిపింది.

"మావాడి కట్టలో ఒకసారి నాలుగే పక్కకొమ్మలున్నాయి" అంది.

పెద్దక్క లేచింది. మెళ్ళో వేలాడే గుడ్డ తీసి చేతులు తుడుచుకుని, దాన్ని మడిచి బల్ల మీద పెట్టింది. "నువ్విటు వచ్చి కూర్చో పిన్నీ" అని, ఎవరూ దారి ఇవ్వకముందే దారి చేసుకుని బయటికి నడిచింది.

మడిలో మొక్కలు పీకాలి. కొత్త చిగుళ్ళకి అదే చోటు కావాలి. ఉడత వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే ఒక వరస మొదలుపెట్టింది. పీకడం తేలిక కాలేదు. ఎంత బాగా వేరు పట్టాయో, ఒక్కొక్కటీ రెండు చేతులా పట్టుకుని నడుం వంచి లాగాల్సి వచ్చింది. పెద్ద మట్టిగడ్డతో సహా ఊడొచ్చేవి. గడ్డ విదిలిస్తే తెల్లటి వేళ్ళ జడలు. ఇంత వేరు పెట్టుకుని చెట్టు కాలేకపోయిన మొక్కల్ని గట్టు మీద కుప్ప వేసింది పెద్దక్క.

ఉడత వంగి ఒక మొక్క పట్టుకోబోయాడు.

"ఒక మాట చెప్పు" అంది, అతని వైపు చూడకుండా. "నా అవస్థ చూడలేక చెప్పావా, నీ బరువు దించుకోవడానికి చెప్పావా?"

అతను ఆలోచించాడు. అక్క అవస్థ చూడలేకే అనబోయాడు. ఆ మాట నోటిదాకా వచ్చాక, నిన్న నోరు మూసుకున్నప్పటి సుఖమూ, ఇవాళ నోరు తెరిచాక కలిగిన సుఖమూ ఒక్కలాగే ఉన్నాయని తెలిసింది. అప్పుడూ తనకే, ఇప్పుడూ తనకే.

"తెలియదక్కా" అన్నాడు.

"ఆ వరస నీది" అంది పెద్దక్క. "వేరు తెగనియ్యకుండా పీకు, మడి పాడవుతుంది."

ఇద్దరూ చెరో వరస పీకారు. ఆ వారంలోనే, పీకడం ఇంకా నడుస్తుండగానే, బావమరిది ఒంటిమాను కొసదాకా పోయాడు. తాడు మూర కూడా మిగల్లేదట. తాడు పట్టుకునే పని ఉడతకి ఇవ్వబోతే, తనకి చేతకాదని మడిలోనే ఉండిపోయాడు. ఆరోజు సంచి షెడ్డులోకి పోవడం మాత్రం ఇద్దరూ మడిలోంచే చూశారు.

కాసేపటికి పిన్ని గుమ్మంలోకి వచ్చింది. ఒక చిగురు చేతిలో ఉంది. గట్టుదాకా వచ్చి నిలబడి, దాన్ని పైకెత్తి పట్టుకుంది. చాలా దూరం లేదు. ఆకులు రెండు వైపులకే ఉన్నాయి, మొదలు దగ్గర ఒక ఆకు మాత్రం పైకి లేచి మోసం చేస్తోంది.

"ఇదెటు వెయ్యాలి?" అంది. అడగడం ఇష్టం లేని గొంతు.

పెద్దక్క మట్టిచేతులతో నిలబడి దాన్ని చూసింది. ఉడతా చూశాడు.

"బల్ల నీది పిన్నీ" అంది పెద్దక్క.

పిన్ని ఇంకా కొంచెంసేపు అలాగే చిగురు పట్టుకుని నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి లోపలికి పోయింది. కిటికీలోంచి ఆవిడ చెయ్యి కనబడింది. చెయ్యి కాసేపు గాల్లో ఆగి, చిగురుని కుడివైపు ట్రేలో పెట్టింది.

అక్కాతమ్ముళ్ళిద్దరికీ కనబడింది. కేకేస్తే వినబడేంత దూరమే. కేకెయ్యడానికి ఇద్దరిలో ఎవరికీ మొహం లేదు. పెద్దక్క వంగి తర్వాతి మొక్క మొదలు పట్టుకుంది.